మూడో అడుగు

బడి వార్షికోత్సవానికి ఎనిమిది రోజులుందనగా, "గట్టువాళ్ళ గంతులు" డాన్సులో ముందు వరసన ఆడాల్సిన పిల్ల పాట మధ్యలో ఆగిపోయింది. పదేళ్ళది, అందరూ పిచ్చుక అని పిలుస్తారు. వీపు మీది బుట్ట దించి, బోర్లించి, దాని మీద కూర్చుంది. ఏమైందని డాన్సు టీచరు అడిగితే, "రేపు మా నాన్న వస్తాడంట టీచర్. మీతో మాట్లాడాలంట" అని మాత్రం చెప్పింది. పోయినవారం మనం పిచ్చుకని ఆ బుట్ట మీదే వదిలి వచ్చాం.

ఆ రేపు రానే వచ్చింది.

పొద్దుటినుంచి టీచరుకి కాలు ఒకచోట నిలవలేదు. మేడ మీది హాలులో కిటికీ దగ్గరికి వెళ్ళి గేటు వంక చూడటం, వెనక్కి వచ్చి గోడకి చేరేసిన బుట్టలు లెక్కపెట్టడం, మళ్ళీ కిటికీ. ఇరవై నాలుగు బుట్టలు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇరవై నాలుగే. ఆకాశం మూసుకుపోయి ఉంది, వాన మాత్రం పడటం లేదు. పైన ఫ్యాను తిరుగుతోందన్న మాటే గానీ గాలి కిందికి దిగడం లేదు.

హాలు మూలన కుట్టుమిషను ముందు కూర్చున్న అత్తగారు కళ్ళజోడు పైనుంచి కోడల్ని చూసింది. ముప్పై ఏళ్ళు కుట్టుపని చేసిన మనిషి. చేతిలో కత్తెరకన్నా నోట్లో నాలుకే పదునని వీధంతా చెప్పుకుంటారు. పిల్లల డాన్సుకి గోనెగుడ్డ చొక్కాలు కుట్టిపెట్టమని కోడలు అడిగితే కాదనకుండా మిషను రిక్షాలో వేయించుకుని వచ్చేసింది.

"కాలుగాలిన పిల్లిలా తిరుగుతావేం అమ్మాయ్, కూర్చో. వచ్చేది పిల్ల తండ్రి, పులేం కాదు."

"కూర్చునే ఉన్నాను అత్తయ్యా."

"అవునవును. నిలబడి కూర్చున్నావు."

టీచరు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

గట్టు గురించి తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఊరికి ఉత్తరాన పొడుగ్గా సాగిన రాతిగట్టు ఉంది. దాని మీద పలకరాయి గనులు. లారీలు ఎక్కే బాట పడకముందు ఆ రాయిని మనుషులే మోసేవారు. వీపున బుట్ట, బుట్టకి పట్టీ, పట్టీ నుదుటికి. గనులు మూతపడ్డాక వాళ్ళంతా కిందికి దిగి ఊరి చివర గుడిసెలు వేసుకున్నారు. తాపీపని, గోడపని చేసుకుంటున్నారు. వాళ్ళు కట్టిన ఇళ్ళలోనే ఊరు కాపురం ఉంటుంది గానీ వాళ్ళకి మాత్రం ఇల్లు అద్దెకివ్వదు. ఎవడైనా తెలివితక్కువ పని చేస్తే "గట్టోడిలా చేశావేంట్రా" అంటారు. అన్నవాడికీ పడ్డవాడికీ అది తిట్టు అని కూడా తోచదు.

రెండు నెలల కిందట ప్రిన్సిపాలు మేడం టీచరుని పిలిచి, "ఈసారి పెద్ద అధికారులు వస్తున్నారు. పువ్వులూ సీతాకోకచిలుకలూ చూసి చూసి విసుగెత్తింది. మన చుట్టుపక్కల మనుషుల మీద ఏదైనా చెయ్యండి. జనం పొట్ట పట్టుకుని నవ్వాలి" అంది. టీచరు ఆ సాయంత్రం ఒక్కతే ఈ హాలులో నిలబడింది. ఏం చెయ్యాలో తోచక ఊరికే నడుం వంచింది. కాళ్ళు వాటంతట అవే నడిచాయి. వారం తిరక్కుండా ఇరవై నలుగురు పిల్లలకీ ఆ నడక వచ్చేసింది. బుగ్గలకి బొగ్గుపొడి, ఒంటికి గోనెగుడ్డ, వీపున బుట్ట. మూడడుగులు వేసి ఎడమకి ఒరిగి, తూలి, ఒకరి మీద ఒకరు పడటం. చూసినవాళ్ళు చూసినట్టు పగలబడి నవ్వారు. అందరికన్నా ముందు నేర్చుకున్నది పిచ్చుక. నేర్చుకోవడం కూడా కాదు, దానికి అప్పటికే వచ్చినట్టుంది.

పిచ్చుక గట్టువాళ్ళ పిల్ల అని టీచరుకి తెలుసు. ముందు వరసలో పెట్టాను కదా, దానికి గౌరవమే కదా అని తనకి తాను చెప్పుకుంది. రోజుకి పదిసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం రెండో గంట కొట్టాక మెట్ల మీద అడుగుల చప్పుడయింది. వచ్చినాయన యాభైకి దగ్గరగా ఉన్నాడు. చేతులు కడుక్కునే వచ్చాడు, అయినా గోళ్ళ చుట్టూ సిమెంటు తెల్లగా ఉంది. మెడ కొంచెం ముందుకు వంగి ఉంది. నుదుటి మీద ఈ కణత నుంచి ఆ కణత దాకా గీసినట్టు ఒక నున్నటి చార.

"పిచ్చుక నాన్ననమ్మా. తాపీమేస్త్రీని."

"కూర్చోండి మేస్త్రీ గారూ."

"నిలబడతానులే. కూర్చుంటే లేవడం ఆలస్యం." గోడకి చేరేసిన బుట్టల వంక చూశాడు. ఒకటి తీసి, పట్టీ లాగి చూసి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టేశాడు. "అలుగుతానేమో, అరుస్తానేమో అని మా ఆవిడ వద్దంది. నేను అరవడానికి రాలేదమ్మా. జరిగింది చెబుతాను, వినండి."

"చెప్పండి."

"సోమవారం పిల్లని బడి దగ్గర దింపి పనికి పోతున్నా. వెనక ఏదో సందడి. నవ్వులు. పిల్లలు కదా, ఏదో ఆడుకుంటున్నారనుకున్నా. సందు మలుపులో కొట్టు అద్దం ఉంటుంది చూశారా, అందులో కనబడింది. నా వెనక ఏడుగురు పిల్లలు వరసగా నడుస్తున్నారు. మెడ వంచి, నాలాగే. నేనాగితే ఆగుతున్నారు. నేను నడిస్తే నడుస్తున్నారు."

టీచరు ఒక అడుగు ముందుకి వేసింది. "ఎవరెవరో చెప్పండి. నేను వాళ్ళని..."

"అందరికన్నా బాగా నడుస్తున్నది మా పిచ్చుక."

కుట్టుమిషను టకటక కొట్టుకుంటూనే ఉంది.

"అద్దంలో నేను చూశానని దానికి తెలియదు" అన్నాడు మేస్త్రీ. "నవ్వుతోంది. దాని తప్పేం లేదు. బడిలో నేర్పారు, బాగా చేస్తున్నావని మెచ్చుకున్నారు, చేసింది. రాత్రి అన్నం దగ్గర అడిగా, ఆ నడక ఎవరిదో తెలుసా అని. డాన్సులో గట్టోళ్ళది నాన్నా అంది. మరి మనమెవరం అన్నా. అది ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వంకే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నేను చూడకుండా ఉంటే బాగుండేది."

టీచరు కిటికీ వైపు రెండడుగులు వేసి, ఎందుకు వేసిందో తెలియక ఆగింది. "మేస్త్రీ గారూ, ఎవర్నీ కించపరచాలని చెయ్యలేదండీ. సరదాకి..."

"తెలుసమ్మా. సరదాకే చేస్తారు. ఏడిపించాలనుకుంటే ఇంకో రకంగా చేస్తారు." హాలు మధ్య ఖాళీ చూపించి, "ఒకసారి చూపిస్తారా?" అన్నాడు.

"పిల్లలిప్పుడు క్లాసులో ఉన్నారు."

"పిల్లలు వద్దు. మీరు నడిచి చూపించండి. నేర్పింది మీరే కదా."

కాదనడానికి దారి లేకపోయింది. టీచరు నడుం వంచింది. సరిగ్గా నడవకూడదనుకుంది. కావాలని అడుగు తప్పు వెయ్యాలనుకుంది. ఒకటి, రెండు. మూడో అడుగుకి ఎడమ తుంటి తనంతట తనే పైకి లేచింది, వీపు మీద లేని బరువు దాని మీదికి ఒరిగింది, కుడికాలు రెప్పపాటు గాలిలో ఆగి కిందికి దిగింది. ఇరవై ఏళ్ళు రకరకాల నాట్యాలు నేర్పించిన కాళ్ళు ఈ ఒక్క నడక దగ్గర ఆమె మాట వినలేదు.

హాలు ఆ చివరికి వెళ్ళి తిరిగి చూసేసరికి మేస్త్రీ ముఖం మారిపోయి ఉంది. కోపం లేదు. దారిలో తెలిసినవాళ్ళెవరో కనబడితే, అవునా కాదా అని తేరిపార చూస్తామే, అలా చూస్తున్నాడు.

"ఇది మీరెక్కడ చూశారమ్మా?"

"పుస్తకాల్లో బొమ్మలుంటాయి కదండీ. పాత వీడియోలు కూడా..."

"ఒరగడం బొమ్మల్లో ఉంటుంది. మూడో అడుగుకి ఒరగడం ఉండదు." మేస్త్రీ గొంతు తగ్గించాడు. "గట్టు మీంచి దిగడానికి నాలుగు బాటలు. మూడు బాటల్లో మామూలుగానే దిగుతాం. తూర్పుబాట మాత్రం కుడిచేతి వైపంతా లోయ. రెండు పెద్ద మెట్లు, ఒక చిన్న మెట్టు, అలా ఉంటుంది కిందిదాకా. చిన్న మెట్టు మీద వీపున ఉన్న మోత లోయ వైపు తూలుతుంది. తూలకుండా ఎడమ తుంటికి ఎత్తుకోవాలి. అది ఎవరూ నేర్పరు. ముందు నడిచేవాళ్ళని చూసి వెనకవాళ్ళు వేస్తారు. ఆ బాట మనుషులతో సహా విరిగిపడి ముప్పై రెండేళ్ళయింది. మా పిచ్చుకకి నన్ను చూసి వచ్చింది. నాకు మా అమ్మని చూసి వచ్చింది."

టీచరు నుదుటి మీది జుట్టు సర్దుకుంది.

"మీరు ఎవరి వెనక నడిచారు?"

అబద్ధాలు లేక కాదు. ముప్పై రెండేళ్ళుగా ఎన్నో అబద్ధాలు చెప్పింది, అన్నీ ఇస్త్రీ చేసి మడతపెట్టి సిద్ధంగా ఉన్నాయి. తొమ్మిదేళ్ళ వయసులో హాస్టల్లో చేర్చినప్పుడు నుదుటి మీది చార కనబడకుండా జుట్టు ముందుకి కత్తిరించుకుంది. యాస పోయేదాకా మూడు నెలలు నోరు విప్పలేదు. తోటిపిల్లలు గట్టోళ్ళ మీద హాస్యాలాడితే అందరికన్నా గట్టిగా నవ్వింది. నవ్వేవాళ్ళలో కలిసిపోతే తన వంక ఎవరూ చూడరని అప్పుడే కనిపెట్టింది. తర్వాత అదే అలవాటైపోయింది. పెళ్ళిలో కూడా తనకి వెనకాముందూ ఎవరూ లేరని చెప్పింది. పాపం అనాథ పిల్ల అన్నారు, చేసుకున్నారు.

ఇప్పుడు ఆ మడతల్లోంచి ఒక్కటీ చేతికి రాలేదు.

"మా నాన్న వెనక" అంది.

అన్నాక ఏదో పడిపోతుందనుకుంది. ఏమీ పడలేదు. మేస్త్రీ తల ఊపాడు, అంతే.

"పేరు?"

ఆమె నోరు తెరిచేలోపు మెట్ల దగ్గర ప్రిన్సిపాలు మేడం గొంతు వినిపించింది. మనిషికన్నా మాటే ముందు వచ్చే రకం. "ఏమిటండీ మేస్త్రీ గారూ, ఏదైనా ఉంటే ఆఫీసుకి రావాలి గానీ నేరుగా పైకి వచ్చేయడమేనా? కాపలాయన చెప్పాడు. డాన్సు గురించేనా?"

"డాన్సు గురించేనమ్మా."

"చూడండి, ఇందులో ఎవర్నీ ఏమీ అనలేదు. చిన్నపిల్లల ఆట. దీనికింత పట్టింపైతే ఎలా? పోయినేడు కప్పల డాన్సు వేశాం. కప్పలేమైనా వచ్చి అడిగాయా?"

"కప్పల పిల్లలు మీ బడిలో చదవడం లేదు కదమ్మా" అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా.

మేడం ఒక్క క్షణం తడబడింది. అయినా ఇలాంటివి ఎన్నో దాటిన మనిషి. "సరే, మీకంత ఇబ్బందైతే మీ అమ్మాయిని తప్పించేస్తాం. వేరే డాన్సులో పెట్టుకుందాం. ఏం టీచరు గారూ? చెప్పండి ఆయనకి. మీకు వాళ్ళంటే ఏ చిన్నచూపూ లేదని, అసలు వాళ్ళతో మీకే సంబంధమూ లేదని. మీరు చెబితే ఆయన వింటారు."

టీచరు బుట్టల వంక చూసింది. పిచ్చుకని తప్పిస్తే ఆ స్థానంలో ఇంకో పిల్ల నడుస్తుంది. సందులో మేస్త్రీ వెనక రేపు ఏడుగురు కాదు, పదిహేడుగురు నడుస్తారు. వాళ్ళలో పిచ్చుక ఒక్కతే ఉండదు. అది ఎక్కడో పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది. లేదా, తనలాగే, అందరికన్నా గట్టిగా నవ్వుతూ ఉంటుంది.

"ఈ డాన్సు వేయించను మేడం" అంది.

"అంటే?"

"పిచ్చుకని తప్పించను. డాన్సునే తీసేస్తాను."

"వారం రోజులే ఉంది. ఆహ్వానాలు అచ్చయిపోయాయి. అధికారులకి ఫలానా డాన్సు అని ప్రత్యేకంగా చెప్పి పిలిచాను. ఇప్పుడు తీసేస్తానంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"తప్పు నాదని చెప్పండి. నాదే."

మేడం ఆమెని కిందినుంచి పైదాకా చూసింది. ఇంతకాలం చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఇలా ఎదురు తిరగడం ఆవిడకి కొత్త. "రేపు పొద్దున్న ప్రార్థనలోపు నాకు జవాబు కావాలి. డాన్సు ఉందంటే మీరున్నట్టు. లేదంటే కాగితం రాసి బల్ల మీద పెట్టండి, నేను ఇంకొకర్ని చూసుకుంటాను. మీరు నేర్పిందే, పిల్లలకి వచ్చిందే. ఎవరైనా ఆడించుకుంటారు." విసవిసా మెట్లు దిగిపోయింది.

చివరి మాట టీచరుకి గుచ్చుకుంది. నిజమే. తను వెళ్ళిపోయినా ఆ నడక ఈ బడిలోనే ఉంటుంది. ఇరవై నాలుగు జతల కాళ్ళలో తనే పెట్టింది.

మేస్త్రీ ఇబ్బందిగా కదిలాడు. "మీ ఉద్యోగం మీదికి తెచ్చాను. ఆపించాలని రాలేదమ్మా నేను. మోత మోస్తూ మా వాళ్ళు తూర్పుబాటలో ఎంత ఒడుపుగా దిగేవారో మీరు చూశారు కదా. ఇద్దరు పట్టలేని రాయి, ఒక్క మనిషి, పక్కన లోయ. కాలు జారేది కాదు. అది చూపించండి అని అడుగుదామని వచ్చా. పడిపోవడమే ఎందుకు చూపించాలి?"

నాన్న ఒక్కసారి కూడా పడలేదు. డాన్సులో ఇరవై నలుగురూ పడతారు, అది కూడా మూడుసార్లు.

"మళ్ళీ మాట్లాడుకుందాం" అని మేస్త్రీ మెట్లు దిగాడు. రెండు మెట్లు మామూలుగా, మూడోది ఎడమకి ఒరిగి. ఆయనకి తెలియకుండానే.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, కుట్టుమిషను చప్పుడు వినబడటం లేదని. ఎప్పుడు ఆగిందో గమనించలేదు. మేడం రాకముందా? ఇంకా ముందేనా?

వెనక్కి తిరిగింది. అత్తగారు తల వంచుకుని పని చేసుకుంటోంది. కుట్టడం లేదు. చిన్న కత్తెర మొనతో గోనెచొక్కా భుజం దగ్గర కుట్లు ఒక్కొక్కటే తెంపుతోంది. పూర్తయిన చొక్కాల దొంతర పక్కనే ఉంది. అందులో నాలుగైదు అప్పటికే విడిపోయి పీలికలుగా పడి ఉన్నాయి.

"అత్తయ్యా."

కత్తెర ఆగలేదు.

"అత్తయ్యా, అది..."

"మా వాడికి తెలుసా?"

"తెలియదు."

ఇంకో కుట్టు తెగింది. "పధ్నాలుగేళ్ళు. నీకు జ్వరమొస్తే నీళ్ళగుడ్డ వేసింది నేను. నుదుటి మీద ఆ చార ఏమిటే అంటే చిన్నప్పుడు ఉయ్యాల తాడు కోసిందన్నావు. నిజమేననుకుని ఉయ్యాల కట్టినవాళ్ళని తిట్టిపోశాను."

టీచరు కిందికి కూర్చుండిపోయింది. పొద్దుటినుంచి కూర్చోవడం అదే మొదటిసారి. "చెబితే ఇంట్లోకి రానిస్తారా అని..."

"రానిచ్చేదాన్నో లేదో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ మాట తేల్చుకునే వీలు నాకివ్వలేదు నువ్వు." అత్తగారు చేతిలో చొక్కా పక్కన పడేసి ఇంకోటి అందుకుంది. గొంతులో కోపమో ఇంకేదో తెలియడం లేదు. ఎప్పుడూ నోటి చివరుండే ఎత్తిపొడుపు ఇవాళ లేదు, అదే భయంగా ఉంది. "ఆ మేస్త్రీ చెప్పింది విన్నాను. పిల్లల్ని పడదోసి నవ్వించడానికి నా చేత కుట్టించావు. ఇరవై నాలుగు. వేలు నొప్పి పుట్టింది."

"తప్పయింది."

"నాకు కాదు చెప్పాల్సింది." కళ్ళజోడు తీసి మిషను మీద పెట్టింది. "ఇవాళే వాడికి చెప్పు. చీకటి పడనీయకు. నేను చెప్పేలోపు నువ్వు చెప్పు. నా కడుపులో మాట దాగదు, నీకు తెలుసు."

"సాయంత్రం ఇంటికెళ్ళాక చెబుతాను."

"సాయంత్రం దాకా ఆగేలా లేదు. బట్టల మూట మోసుకెళ్ళడానికి రమ్మని పొద్దున్నే ఫోన్ చేశాను వాడికి."

అంటుండగానే మెట్ల మీద బూట్ల చప్పుడు. తొందరతొందరగా ఎక్కే మనిషి ఆయన, మామూలుగా రెండేసి మెట్లు కలిపి దూకుతాడు. ఇవాళ ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నాడు. టీచరు లేచి నిలబడింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. జుట్టు నుదుటి మీంచి వెనక్కి తోసుకుంది, ఎన్నో ఏళ్ళ తర్వాత.

భర్త గుమ్మంలోకి వచ్చి ఆగాడు. తల్లి వంకా, నేల మీది పీలికల వంకా, భార్య వంకా మార్చి మార్చి చూశాడు.

"ఏమండీ, మీకొక విషయం చెప్పాలి."

"ఆగు. ముందు నన్ను చెప్పనీ" అన్నాడు. ముఖం అదోలా ఉంది. "కింద గేటు దగ్గర ఒక మేస్త్రీ ఆపాడు నన్ను. టీచరమ్మ భర్త మీరేనా అన్నాడు. అవునన్నా. మీ మావగారి పేరేంటని అడిగాడు. ఇదేం ప్రశ్నరా అనుకుని, మన పెళ్ళి కాగితంలో నువ్వు రాయించిన పేరే చెప్పా."

టీచరు వంగి నేల మీది పీలిక ఒకటి తీసింది.

"ఆయన చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. ఆ పేరుగలవాళ్ళు మా గట్టు మీద ఎవరూ లేరండీ, తూర్పుబాట పోయిన రోజున పోయినవాళ్ళలో కూడా లేరు, ఇంకోసారి సరిగ్గా కనుక్కోండి అన్నాడు." భర్త ఒక అడుగు లోపలికి వేశాడు. ఆయన చూపు ఆమె నుదుటి మీద ఆగిపోయింది.

"మా గట్టు మీద అన్నాడేంటి ఆయన?"